హారన్ మామకు కుదిరిన డెస్క్‌టాప్

లారీ కొండ దారిలో మూడో మలుపు దగ్గరికి వచ్చేసరికి తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. చక్రాలు ఆగాయి, చెట్లు ఆగాయి, అద్దం మీది వాన చినుకు కూడా జారడం మానేసి అక్కడే వేలాడింది. బొమ్మ మళ్లీ కదిలేసరికి లారీ రోడ్డు మీద లేదు. లోయలో ఒక పక్కకు ఒరిగి పడుకుని ఉంది.

హారన్ మామ తన ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకుని స్టీరింగు మీంచి తీసి, పరాయివాళ్ల వస్తువును పక్కన పెట్టినట్టు ఒళ్లో పెట్టుకున్నాడు.

"చెయ్యి పోయిందమ్మాయ్. ఇంక చాల్లే."

"చెయ్యి కాదు మామయ్యా, మిషనే ఆగింది. నేను పక్కనే ఉండి చూశాగా."

"నువ్వు నా కోడలివి. అలాగే అంటావు."

ఊరంతా తెచ్చిపోసే చొక్కాలనూ కోట్లనూ ఒంటికి కుదిర్చి పెట్టే ఆ దర్జీ కోడలు, గోడకు ఆనించిన చేతికర్రను తీసి మామగారికి అందించింది.

ఆయన బతుకంతా లారీ మీదే గడిచింది. ఎన్ని రోజుల తిరుగుడు తిరిగొచ్చినా వీధి మొగలో రెండుసార్లు హారన్ కొట్టేవాడు. అది విని అత్తయ్య పొయ్యి మీద స్నానానికి నీళ్లు పెట్టేది. ఆయన లారీని పక్కకు పెట్టి, టైర్లు ఓసారి తన్ని చూసి, ఇంట్లోకి వచ్చేసరికి నీళ్లు కాగుతూ ఉండేవి. ఆ రెండు మోతలకే వీధిలో పిల్లా జెల్లా ఆయనకు హారన్ మామ అని పేరు పెట్టేశారు. ఆ తరవాత పక్షవాతం వచ్చి ఎడమ చేతిని పడగొట్టింది. వాడితే తిరిగొస్తుంది, వాడకపోతే రాదు అని డాక్టరు చెప్పి, పిసకడానికి రబ్బరు బంతి ఇచ్చాడు. హారన్ మామ దాన్ని ఒక పూట పిసికి, "నేనేమన్నా పాలు తాగే పిల్లాణ్నా" అంటూ మంచం కిందికి దొర్లించేశాడు. బంతి అక్కడే ఉండిపోయింది. ఆయన మంచం మీద ఉండిపోయాడు.

ఆట స్టీరింగు తెచ్చింది బుడ్డోడు. ఒకప్పుడు ఆయన లారీకి క్లీనరు, ఇప్పుడు సొంతంగా లారీ తోలుతున్నాడు. గుమ్మంలోంచి తల వంచుకుని రావలసినంత మనిషి, మీసాలు చెంపల దాకా ఉంటాయి. అయినా ఆ ఇంట్లో బుడ్డోడే. తన పిల్లలు ఆడి వదిలేసిన స్టీరింగును బట్టలు కత్తిరించే బల్లకు బిగించి, దాని బ్రేకు పెడళ్లను బల్ల కింద పెట్టి, "బంతి పిసకమంటే పిసకరు గానీ, స్టీరింగు కనపడితే ఆ చెయ్యి దానంతటదే లేస్తుంది. చూస్తూ ఉండు చెల్లెమ్మా" అన్నాడు.

నిజంగానే లేచింది. లారీ తోలే ఆట పెట్టగానే ఎడమ చెయ్యి వణుకుతూ వెళ్లి స్టీరింగును పట్టుకుంది. అత్తయ్య వంటింటి గుమ్మంలో నిలబడి కొంగుతో నోరు మూసుకుంది. కానీ కోడలి కంప్యూటర్ ముసలిది. చదును రోడ్డు మీద బాగానే ఉండేది, మలుపు వచ్చేసరికి తడబడేది. అది తడబడ్డ ప్రతిసారీ హారన్ మామ తన చెయ్యే తడబడిందనుకునేవాడు. ఇంతకు ముందు చెయ్యి పోయిందేమో అనే అనుమానమే ఉండేది. ఇప్పుడు ఆట పుణ్యమా అని రుజువు కూడా దొరికినట్టయింది. ఆ రుజువు అబద్ధమని ఆయనకు చూపించాలంటే మిషను ఆగకుండా కొండెక్కాలి. కోడలు పట్టుకున్న పని అది.

పట్టుకుందంటే వదిలే రకం కాదు. ఈ ఇంటికి వచ్చినప్పుడు ఆమెకు సూదిలో దారం ఎక్కించడం తప్ప కుట్టు రాదు. ఎవరూ నేర్పలేదు. మొగుడి చొక్కా ఒకటి తీసుకుని కాలరు నుంచి కఫ్ దాకా కుట్లన్నీ విప్పి, ముక్కలు నేల మీద పరిచి, ఏది దేనికి అతుక్కుందో చూసి, మళ్లీ కుట్టింది. మొదటిసారి కుట్టినప్పుడు ఒక చెయ్యి వెనక్కి తిరిగింది. "పెళ్లయిన కొత్తల్లో నన్ను వెనక్కి నడిపించిన ఘనత మా ఆవిడదే" అని లిఫ్టు మెకానిక్ అయిన ఆ మొగుడు ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటాడు. కంప్యూటర్ కూడా ఆమె అలాగే నేర్చుకుంది. ఏదో ఆఫీసువాళ్లు పనికిరాదని పక్కన పడేసినదాన్ని కోట్ల నమూనాలు గీసుకోవడానికి తెచ్చుకుంది. రిపేరు కొట్లో కూర్చున్నాయన "తూకానికి వేసేయండమ్మా" అన్నాడు. ఆమె వెయ్యలేదు. కుట్టు మిషను తొక్కుతూ వీడియోలు చూసి, తప్పులు చేసి, దిద్దుకుని, దాన్ని నడిపించడానికి విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించింది.

ఎక్కించిన సంతోషంలో దానికి ఒక చొక్కా కూడా కుట్టింది. కోటు గుడ్డ, లోపల లైనింగు, అడుగున ఎలాస్టిక్, మీట నొక్కడానికి ముందు గుండీతో చిన్న తలుపు, వైర్లకు వెనక కాజాలు. దర్జీ గదిలో దూది పీచు గాలిలో తేలుతూనే ఉంటుంది. అది మిషనులోకి పోకూడదని కుట్టిన చొక్కా. కొలతలకు వచ్చినవాళ్లంతా తమ కోటు కంటే ముందు కంప్యూటర్ కోటును మెచ్చుకునేవాళ్లు. దాన్ని ఆమె ఎప్పుడూ విప్పలేదు. విప్పే అవసరం లేకుండా కదా కుట్టింది!

లోయలో లారీ పడిన సాయంత్రం ఆమె లినక్స్ గురించి మళ్లీ మొదటి నుంచి చదివింది. అందులో ఒక సుఖం ఉంది. లోపలి యంత్రాంగం ఒకటే, పైన కనిపించే డెస్క్‌టాప్ మాత్రం మనిష్టం. కిటికీలు ఎలా తెరుచుకోవాలి, గడియారం ఎక్కడుండాలి, మెరుపులు ఎన్ని ఉండాలి, ఇవన్నీ డెస్క్‌టాప్ పనులు. నాలుగైదు రకాలు పక్కపక్కనే పెట్టుకుని, లోపలికి వెళ్లే ముందు ఏది కావాలో ఎంచుకోవచ్చు. అయితే అందంగా ఉండేది కంప్యూటర్ మెమరీలో ఎక్కువ చోటు తినేస్తుంది, ఆటకు మిగిలేది తగ్గిపోతుంది.

"ఓస్, ఇదా!" అనుకుంది దర్జీ. కోటు కుట్టేటప్పుడు ముందే గట్టి కుట్టు వెయ్యరు. పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసి, ఒంటి మీద తొడిగి, చెయ్యెత్తమని, కూర్చోమని, వంగమని చూస్తారు. కుదరకపోతే ఒక్క లాగుతో విప్పేస్తారు. ఆమె డెస్క్‌టాపులన్నీ తెచ్చి అలా కచ్చాగా పెట్టుకుంది.

మొదటిది లినక్స్‌తోపాటు వచ్చిన గ్నోమ్. దాని కిటికీలు పట్టు జారినట్టు జారేవి. కానీ ఆట పెట్టకముందే మెమరీలో పెద్ద భాగం దానికే పోతోంది. పూసలు కుట్టిన గౌను వేసుకుని పరుగు పందెంలో నిలబడ్డట్టు. పక్కింటి కొత్త కంప్యూటర్‌లో అదే గ్నోమ్ హాయిగా నడవడం ఆమె చూసింది. గౌనులో తప్పు లేదు, ఒళ్లే చిన్నది.

ఆ వెంటనే ఆ చివరి నుంచి ఈ చివరికి దూకింది. కిటికీ చట్రాలు తప్ప ఇంకేమీ లేని రకం ఒకటి పెట్టింది. తెర అడుగున పట్టీ లేదు, గడియారం లేదు, బొమ్మలు లేవు. ఆట గాలిలో తేలినట్టు పోయింది! సంబరంగా మామగారిని కూర్చోబెట్టి, ఇస్త్రీ బట్టలు ఇచ్చి రావడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆయన నల్లటి తెర ముందు చేతులు కట్టుకుని, తప్పు చేసినవాడిలా కూర్చుని ఉన్నాడు.

"ఏదో నొక్కానమ్మా. చచ్చిపోయింది."

"చావలేదు మామయ్యా, ఆట మూసుకుందంతే. ఇదిగో, ఇక్కడ మౌసు కుడివైపు నొక్కితే..."

"అక్కడ ఏం ఉందని నొక్కను? చీకట్లో తడుముకున్నట్టుంది."

ఆయన మాట నిజమే. మరీ బిగించి కుడితే బరువు తగ్గుతుంది గానీ, తొడుక్కున్నవాడు చెయ్యి ఎత్తలేడు. దాన్ని విప్పేసింది.

మూడోది ప్లాస్మా. దానికి ఎన్ని జేబులో! రంగులు, అంచులు, నీడలు, మూలమూలకూ ఒక సర్దుబాటు. అనుకున్నంత బరువు కూడా లేదు. కోడలు దాని మోజులో పడి ఆట సంగతే మరిచిపోయింది. చివరికి "ఇవాళ మనింటి కంప్యూటర్ ఏ డ్రెస్సులో ఉందోయ్?" అని మొగుడు ఎగతాళి చేస్తే తెలివి తెచ్చుకుని ఆట పెట్టి చూసింది. ఈ ఒంటికి అదీ కాస్త బిగుతే. "ఇంకో మిషను కొన్నప్పుడు నువ్వే" అని దానికి మాటిచ్చి పక్కన పెట్టింది.

మిగిలినవి ఎల్‌ఎక్స్‌క్యూటీ, ఎక్స్‌ఎఫ్‌సీఈ. రెండూ తేలికే, మొదటిది ఇంకొంచెం తేలిక. అయినా రెండోది ఆమె చేతికి వెంటనే అలవాటైంది. అడుగున లావుపాటి పట్టీ పెట్టింది. దాని మీద మామగారి కళ్లకు ఆనేంత గడియారం, అరచేతిలో సగం ఉండే లారీ బొమ్మ. ఆట మూసుకుపోయినా ఆ బొమ్మ నొక్కితే మళ్లీ లారీ ఎక్కవచ్చు. కిటికీలకు నీడలూ మెరుపులూ గీసే పనిని ఒక్క నొక్కుతో ఆపేసింది. ఆ పని ఆగితే ఆటకు ఇంకాస్త ఊపిరి. అటూ ఇటూ లారీ తిప్పి చూసింది. అడ్డు లేదు.

మర్నాడు హారన్ మామ తోలాడు. చదును రోడ్డు, వంతెన, మొదటి మలుపు, రెండోది, మునుపు పడిపోయిన ఆ మూడోది కూడా లారీ వెన్నలా దాటింది. ఆయన నోట్లోంచి చిన్న కూనిరాగం వచ్చింది. కోడలు కత్తెర పక్కన పెట్టి నిలబడింది. కొండ సగానికి వచ్చేసరికి కంప్యూటర్ పెట్టెలోని ఫ్యాను గుర్రుగుర్రుమంది. బొమ్మ ఆగింది, కదిలింది, మళ్లీ ఆగింది. లారీ రాతికి గుద్దుకుంది.

ఈసారి ఆయన చెయ్యి పోయిందని కూడా అనలేదు. "బుడ్డోడికి ఫోను చెయ్యి. స్టీరింగు పట్టుకెళ్లిపొమ్మను" అని చెప్పి లోపలికి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

బుడ్డోడు తన సెలవు రోజున వచ్చాడు. స్టీరింగు మర విప్పడానికి బల్ల కిందికి దూరాడు. "గురువుగారు లోపలేనా?" అని గొంతు తగ్గించి అడిగాడు. కోడలు తల ఊపింది. రాత్రంతా ఆలోచించినా ఆమెకు తప్పు ఎక్కడుందో దొరకలేదు. డెస్క్‌టాప్ కుదిరింది, మెమరీలో చోటు మిగిలింది, అయినా కొండ సగంలో ఏమవుతోంది? ఇంకా విప్పి చూడని కుట్టు ఏది? అప్పుడు తట్టింది. తను లారీ తోలి చూసిందే గానీ, ఎప్పుడూ కొండెక్కలేదు. నాలుగు అడుగులు తిప్పి, బాగుందనుకుని, కుట్టు పనికి వెళ్లిపోయేది.

"అన్నయ్యా, కాస్త ఆగు. ఒక్కసారి నేను తోలతాను."

"నువ్వా? నీకు సైకిలు కూడా రాదుగా!"

"ఈ లారీకి లైసెన్సు అడగరులే."

కూర్చుంది. దారి పక్క బోర్డులన్నింటినీ పలకరిస్తూ పోయింది. "బ్రేకు! అయ్యో, అది బ్రేకు కాదు చెల్లెమ్మా!" అని బుడ్డోడు బల్ల కింద నుంచే నెత్తి కొట్టుకున్నాడు. ఎలాగో కొండ ఎక్కడం మొదలుపెట్టింది. సగానికి వచ్చింది. ఫ్యాను గుర్రుమంది. బొమ్మ బిగుసుకుంది.

కోడలు కుర్చీలోంచి లేచి లోపలి గదివైపు అరిచింది. "మామయ్యా! విన్నారా? నాకూ అక్కడే ఆగింది! నా రెండు చేతులూ బాగానే ఉన్నాయిగా? మరి నాకెందుకు ఆగాలి?"

ఫ్యాను మోగుతూనే ఉంది. లోపల మంచం కిర్రుమంది. పక్షవాతం వచ్చిన తరవాత ఆ ఇంట్లో ఎవరూ వినని గొంతు, వీధి చివరి దాకా వినపడేది, గోడలు దాటుకుని వచ్చింది.

"ఆపెయ్యవే అమ్మాయ్! ఇంజను వేడెక్కింది! ఆ మోత వినపడట్లా?"

కర్ర టకటకలాడించుకుంటూ ఆయనే వచ్చాడు. తెరవైపు చూడలేదు. నేరుగా పెట్టె దగ్గరికి వెళ్లి, బానెట్ మీద చెయ్యి వేసినట్టు ఆ కోటు గుడ్డ మీద చెయ్యి వేశాడు. కర్ర కుడి చేతిలో ఉంది కాబట్టి వేసింది ఎడమ చెయ్యి. ఆయన గమనించలేదు. కోడలు గమనించింది.

"కాలిపోతోంది" అన్నాడు. "ఒరేయ్ బుడ్డోడా! చలికి రేడియేటర్ ముందు గోనెపట్టా కట్టి, కొండెక్కే ముందు విప్పడం మరిచిపోయిన మొనగాడు ఎవడ్రా?"

"నేనే గురువుగారూ" అన్నాడు బుడ్డోడు బల్ల కింద నుంచి బయటికి వస్తూ.

"నీకు తోడు దొరికింది. మా కోడలు ఏకంగా కోటే కుట్టింది."

కోడలు తల పట్టుకుంది. ఆ తరవాత నవ్వు ఆగలేదు. గుండీ విప్పి, ఎలాస్టిక్ లాగి, మెచ్చుకోని మనిషి లేని ఆ చొక్కాను ఊడబెరికింది. మిషను చల్లారాక పక్క రేకు తీస్తే, ఎంత కట్టడి చేసినా వైర్ల కాజాల్లోంచి దూరిన పీచు ఫ్యాను రెక్కల చుట్టూ మందంగా పేరుకుని ఉంది. బడి పిల్లల నీలం, చొక్కాల తెలుపు, ఎవరిదో ఎర్ర గౌను.

"వీధి వీధంతా ఇందులోనే కాపురముందే!" అన్నాడు బుడ్డోడు.

ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని, కుట్టు మిషను బ్రష్షుతో ఆమె దాన్ని శుభ్రం చేసింది. చేస్తూ చేస్తూ ఒకచోట ఆగింది. "అయితే మామయ్యా, నేను డెస్క్‌టాపులు మార్చిందంతా వృథాయేనా?"

"అదీ తేల్చుకో. పాతదానితోనే ఎక్కించి చూడు."

గ్నోమ్‌లోకి వెళ్లి చూసింది. కోటు లేకపోయినా, ఫ్యాను శుభ్రంగా ఉన్నా, లారీ మూడో మలుపులోనే తడబడింది. హారన్ మామ తల పంకించాడు.

"బాడీకి రంగులూ రేకులూ ఎక్కువ కొట్టిస్తే లారీ తన బరువే తను మోసుకోలేక చస్తుంది. ఆ బరువు నువ్వు దింపావు. వేడి నేను పట్టుకున్నాను. ఒక్కరి వల్ల అయ్యే పని కాదిది. ఏదీ, నీ తేలికదాంట్లోకి మార్చు."

మార్చింది. బుడ్డోడు సగం విప్పిన మరను గబగబా తిరిగి బిగించాడు. ప్యాంటు కోసం వచ్చిన ఒకాయన, "ఇంకా ఎంతసేపమ్మా?" అని అడగబోయి తెర చూసి తనూ స్టూలు లాక్కున్నాడు.

హారన్ మామ కర్ర కోడలికిచ్చి కూర్చున్నాడు. ఎడమ చెయ్యి లేచింది. స్టీరింగు మీద సర్దుకుంది. లారీ కదిలింది. తెర మీద వాన పడుతోంది, చినుకులు అద్దం మీద ఆగకుండా జారుతున్నాయి. వంతెన దాటింది. మూడో మలుపు దాటింది. కొండ సగానికి వచ్చింది. అందరూ ఫ్యాను వైపు చెవులు పెట్టారు. అది తన మానాన తను సన్నగా తిరుగుతోంది. సగం దాటింది. ఎడమవైపు ఒక పెద్ద ఒంపు వచ్చింది. లారీ వెనక చక్రం రెయిలింగుకు ధడేల్‌మని తగిలింది.

కోడలు చటుక్కున పెట్టెవైపు చూసింది.

"దాన్నెందుకు చూస్తావ్?" హారన్ మామ పకపకా నవ్వుతున్నాడు. "దాని తప్పు కాదు. గేరు దించడం ఆలస్యం చేశాను. నేనే!"

"గురువుగారు తప్పు చేశారా?" బుడ్డోడు నమ్మలేనట్టు అడిగాడు.

"చేశానురా! నేనే చేశాను! నా చెయ్యే చేసింది!" అంటూ, తనకేదో బిరుదు ఇచ్చినంత గొప్పగా చెప్పుకుంటూ, ఆయన అదే చేత్తో స్టీరింగును గిర్రున తిప్పాడు. లారీ రెయిలింగును వదిలి రోడ్డు మధ్యకు వచ్చింది. తరవాతి ఒంపులో గేరు ముందే పడింది. ఆ తరవాతిది ఆయన ఒక్క చేత్తో, ఎడమ చేత్తోనే, వయసులో ఉన్నప్పటి పొగరుతో తిప్పాడు. స్టూలు మీది ఆయన తన ప్యాంటు సంగతి మరిచిపోయి చప్పట్లు కొట్టాడు. మేఘాలు చక్రాల కిందికి దిగిపోయాయి. దారి చదునైంది. కొండ పైకి వచ్చేశారు.

"మంచం కింద ఆ బంతి ఉందా, ఎవరైనా పారేశారా?" అన్నాడు హారన్ మామ, కళ్లు రోడ్డు మీంచి తిప్పకుండా.

"ఉంది మామయ్యా."

"తీసి తుడిచిపెట్టు. దిగేటప్పుడు పట్టు ఎక్కువ కావాలి."

అప్పుడు ఎడమ బొటనవేలు చాచి స్టీరింగు మధ్యలోని గుండీ నొక్కాడు. ఒకసారి. ఇంకోసారి. లారీ హారన్ దర్జీ గదిలో హ్యాంగర్లు ఊగేంతగా మోగింది.

వంటింట్లో పొయ్యి అంటించిన చప్పుడైంది. గిన్నె పెట్టిన చప్పుడైంది. ఆ తరవాత తనేం చేసిందో తెలిసి అత్తయ్య గుమ్మంలోకి వచ్చి నిలబడింది. భుజం మీద తువ్వాలు ఉంది.

"నీళ్లు పెట్టాను" అంది.

"వస్తున్నా. లారీ పక్కకు పెట్టి వస్తా" అన్నాడాయన.